మిషను ఒప్పుకోని పెద్దమ్మ

ఆ పట్టణంలో ఎవరు ఎక్కడ జారిపడినా ముందు పెద్దమ్మనే తిట్టుకునేవారు. ఆస్పత్రి వసారాలో మందుల సీసాతో సహా జారిన కాంపౌండరు తిట్టాడు. కోర్టు మెట్ల మీద రెండు కాళ్లూ గాల్లోకి లేచిన వకీలు తిట్టాడు. ఆ తిట్లు చెవిన పడినప్పుడల్లా పెద్దమ్మ మొహం వెలిగిపోయేది. "పడ్డారంటే పని కుదిరిందన్నమాటే" అనేది. నేలకి మెరుగు పెట్టే పనిలో ఆమెకి సాటి వచ్చే చెయ్యి చుట్టుపక్కల లేదు. ఈ మాట ఆమె తన నోటితో చెప్పుకున్నదే. కానీ కాదన్నవాడు ఒక్కడూ లేడు.

అసలు పేరు ఓటరు కార్డు మీద ఉండేది. మనుషుల నోట మాత్రం చిన్నా పెద్దా అందరికీ పెద్దమ్మే.

రాళ్లు పరిచిన నేల మీద మెరుగు పెట్టే మిషను తిరుగుతుంది. అది గుండ్రం, గది నలుచదరం. గుండ్రటిది ఎంత తిరిగినా మూలలు మిగిలిపోతాయి. ఆ మూలలూ, మెట్లూ, గోడ వారా చేత్తోనే రుద్దాలి. ముందు గరుకు రాయి, తర్వాత నడిమి రాయి, చివరికి నున్న రాయి, ఆపైన మెరుగు పొడి. మోకాళ్ల మీద కూర్చుని, సిమెంటు నీళ్లలో చేతులు నానబెట్టుకుని, సాయంత్రం దాకా రుద్దితే ఒక మూల తేలుతుంది. మూల వదిలేసి మధ్యలో మెరిపించి డబ్బు దండుకునే జట్లు చాలా ఉన్నాయి. పెద్దమ్మ జట్టు అలాంటిది కాదు. "మొహం కడుక్కుని మెడ కడుక్కోనివాడి పని అది" అనేది ఆమె. ఆస్పత్రి ఆమెదే, కోర్టు ఆమెదే, బడిలో పెద్ద హాలు ఆమెదే, ఎన్నికల ఆఫీసు వసారా ఆమెదే. అడిగినవాళ్లకి వేళ్లు మడిచి చెప్పేది, అడగనివాళ్లకి కూర్చోబెట్టి చెప్పేది.

చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతి. ఆ ఐదో తరగతి గురించి ఆమె చెప్పుకున్నంత గొప్పగా పట్టాలు పుచ్చుకున్నవాళ్లు కూడా తమ చదువు గురించి చెప్పుకోరు. పనిలో చేరిన మొదటి రోజు మేస్త్రీ హాజరు పుస్తకం తెరిచి ఇంకు డబ్బా ముందుకు తోశాడట. ఆడకూలీ అంటే వేలిముద్రే అని అతని లెక్క. పెద్దమ్మ ఇంకు డబ్బా వెనక్కి తోసి, అతని జేబులోంచే కలం లాగి, ఒత్తులూ పొల్లులూ సహా సంతకం చేసి, కింద ఒక గీత కూడా గీసింది. "వేలిముద్ర వేసే మనిషిని కాదు నేను" అంది. ఆ రోజు నుంచి మేస్త్రీలు ఆమెతో కాస్త చూసుకుని మాట్లాడేవారు.

ఇక ఓటు. ఓటు హక్కు వచ్చిన నాటి నుంచి ఒక్క ఎన్నికా తప్పలేదు. నిండు నెలలప్పుడు, నొప్పులు మొదలవుతున్నా వరుసలో నిలబడింది. ముందున్నవాళ్లు దారి ఇస్తామంటే "నా వంతు వచ్చాకే" అని పళ్లు బిగబట్టింది. ఓటు వేసి, అటు నుంచి అటే ఆస్పత్రికి వెళ్లి కొడుకుని కన్నది. ఆ కొడుకు ఇప్పుడు లారీ తోలుతాడు, నెలకోసారి ఇంటికి వస్తాడు. "కడుపులో ఉండగానే వరుసలో నిలబడ్డవాడు, వాడికి రద్దీలో లారీ తోలడం ఒక లెక్కా" అని పెద్దమ్మ మురిసిపోయేది.

అలాంటి మనిషి ఓటు లాక్కున్నారు. ఎవరో దొంగ కాదు, గూండా కాదు. ఒక డబ్బా.

పట్టణ సభ ఎన్నికలకి ముందు ప్రచార బండి మైకుతో వీధివీధీ తిరిగింది. దొంగ ఓట్లు అరికట్టడానికి ఈసారి కొత్త ఏర్పాటు, వరుసలో వచ్చిన ప్రతి మనిషీ మిషను మీద వేలు పెట్టాలి, కార్డు తీసుకున్ననాడు ఇచ్చిన వేలిముద్రతో సరిపోతే లోపలికి పంపుతారు. "చేతులు శుభ్రంగా ఉంచుకుని రావలెను. శుభ్రం లేని చేతులను మిషను గుర్తించదు." ఈ మాట పదిసార్లు చెప్పింది బండి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ జట్టు బ్యాంకు కొత్త భవనంలో మెట్లు రుద్దుతోంది. మైకు మాట విని పెద్దమ్మ రాయి కింద పెట్టింది.

"విన్నారా? శుభ్రంగా రమ్మంటున్నారు. ఈ చేతులతోనా వెళ్లేది? ఏరా పొట్టోడా, నీ చెయ్యి ఇటు చూపించు."

పొట్టోడంటే జట్టులో మెరుగు మిషను తిప్పే మనిషి. నడివయసువాడు, నలుగురు పిల్లల తండ్రి, అయినా పొట్టోడే. చెయ్యి చాపాడు. గోళ్ల సందుల్లో సిమెంటు, వేళ్ల పగుళ్లలో బూడిద రంగు మట్టి.

"ఇది చెయ్యా, కాలవ గట్టా?"

"పెద్దమ్మా, సబ్బు పెడితే పోదు ఇది. పుట్టుకతో వచ్చినట్టే."

"సబ్బు ఎందుకు పెడతాం? మన పనేంటి? రాతినే అద్దం చేసేవాళ్లం, చెయ్యి చేసుకోలేమా? నున్న రాయి తీయండి. మెరుగు పొడి కలపండి. ఒక్కొక్క వేలూ రుద్దండి. రేపు ఆ గదిలో కూర్చున్నవాడు మన చెయ్యి చూసి, ఇది కూలి చెయ్యా, కలం పట్టే చెయ్యా అని తబ్బిబ్బు పడాలి."

కోడలు కూడా అదే జట్టు. నోరున్న పిల్ల. "అత్తయ్యా, మండుతోంది" అంది.

"మండనీ. ఓటంటే ఊరికే వస్తుందా? నేను నొప్పులు పడుతూ వేశాను."

"మీరు నొప్పులు పడి వేసిన ఓటు కథ మాకు కంఠతా వచ్చు అత్తయ్యా. రుద్దుతున్నాం, రుద్దుతున్నాం."

అందరూ నవ్వుకుంటూ రుద్దుకున్నారు. మర్నాడు పొద్దున జట్టు జట్టంతా చేతులు పెళ్లికొడుకు చెంపల్లా నున్నగా చేసుకుని ఓటు వేయడానికి బడి హాలుకి వెళ్లింది.

బల్ల దగ్గర కళ్లజోడు ఆఫీసరు కూర్చున్నాడు. మామూలు రోజుల్లో నీటి పన్ను ఆఫీసులో పని, ఎన్నికల రోజు మాత్రం ఆ గదికి అధికారి. అతని ఇంట్లో నేల పెద్దమ్మ చేసినదే. చూడగానే నవ్వాడు. "రండి పెద్దమ్మా, బాగున్నారా? మీ గచ్చు మీద నిన్న మా మామగారు కూడా జారారు."

"చాలా సంతోషం బాబూ" అంది పెద్దమ్మ, బొటనవేలు మిషను మీద పెట్టింది.

ఎర్ర దీపం.

"ఇంకోసారి పెట్టండి."

ఎర్ర దీపం. చూపుడు వేలు పెట్టింది, ఎర్ర దీపం. ఎడమ చెయ్యి, ఎర్ర దీపం. పక్కన కూర్చున్న గుమాస్తా ఆవిడ తడిగుడ్డతో మిషను తుడిచింది, పెద్దమ్మ వేలు తుడిచింది, తన వేలు పెట్టి చూసుకుంది. గుమాస్తా వేలికి పచ్చ దీపం వెలిగింది.

"పెద్దమ్మా, మీ వేలికి గీతలు లేవండీ" అంది ఆవిడ, భయపడుతున్నట్టు.

"గీతలేంటమ్మా? శుభ్రంగా రమ్మన్నారు, వచ్చాను."

కళ్లజోడు ఆఫీసరు గొంతు తగ్గించాడు. "మీరు మీరే అని మిషను ఒప్పుకోవడం లేదు పెద్దమ్మా."

"దాన్ని అడిగి పుట్టానా నేను? ఇదిగో కార్డు. ఇదిగో మొహం. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సంతకం చెయ్యమంటారా? చేస్తాను."

"సంతకం లెక్కలోకి రాదు. వేలే కావాలి."

"మీకు నేను తెలియదా?"

"తెలుసు పెద్దమ్మా. తెలియకేం. కానీ మిషను ఒప్పుకోకపోతే, అధికారికి నమ్మకం కలిగితేనే పంపాలని నిబంధన."

"నమ్మకం కలగలేదా?"

అతను మిషను వంక చూశాడు, పెద్దమ్మ వంక చూడలేదు. "రేపు ఎవరైనా అడిగితే నా ఉద్యోగానికి వస్తుంది. పక్కకి రండి, వెనక జనం ఉన్నారు."

పొద్దున్నే నోరారా పెద్దమ్మా అని పిలిచిన మనిషికి, తను పిలిచింది ఎవరినో నమ్మకం కలగలేదు! ఇంట్లో ఆమె చేసిన నేల మీద రోజూ నడిచేవాడికి కలగలేదు. పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కదలనంది. పోలీసు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తన చేతులతో మూలమూలా రుద్దిన హాలులోంచి ఆమెను బయటికి నడిపించారు. వెనకే కోడలిని పంపేశారు. ఆ వెనక పొట్టోడిని. జట్టు మొత్తాన్ని.

బయట గేటు దగ్గర నిలబడి చూస్తే సంగతి ఇంకా బాగా తెలిసింది. తిరిగొచ్చినవాళ్లు వీళ్లొక్కరే కాదు. హోటల్లో గిన్నెలు తోమే అక్క, ఇటుకలు మోసే మొగుడూ పెళ్లాలు, సున్నం వేసే ముసలాయన, రోజంతా సోడా నీళ్లలో చేతులుంచే లాండ్రీ ఆడవాళ్లు. ఓటు వేసి నవ్వుతూ వస్తున్నవాళ్లు కొట్ల యజమానులు, బల్ల ముందు కూర్చునేవాళ్లు. దొంగ ఓటు పట్టడానికి పెట్టిన మిషను ఒక్క దొంగని పట్టలేదు. కష్టం చేసిన చెయ్యిని మాత్రం ఏరి ఏరి పట్టింది. ఇది ఎవరి తెలివి? ఏ చల్లటి గదిలో కూర్చుని, ఎవరి మెత్తటి వేళ్ల మీద పరీక్షించి తెచ్చారు దీన్ని?

సాయంత్రం ఇంట్లో కుండా చట్టీ మోగాయి. పెద్దమ్మ పెనిమిటి సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపి చింపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఊరుకుంటే పోయేది, ఊరుకోలేదు.

"నన్ను చూడవే. జన్మంతా కాగితం తప్ప చింపలేదు. వేలు పెట్టగానే మిషను ఈల వేసినంత పని చేసింది."

"ఓహో. అయితే ఈ ఇంట్లో గీతలున్న చేతులు నీవే. ఇవాళ నుంచి నువ్వే వండు."

"హాస్యానికి అన్నానే!"

"నేను హాస్యానికి అనలేదు."

నిజంగానే రెండు పూటలు వండాడు. మూడో పూట అందరూ కాళ్లు పట్టుకుంటే పెద్దమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది.

ఫలితం వచ్చింది. పెద్దమ్మ వార్డులో సిమెంటు కొట్టు యజమాని గెలిచాడు. పిడికెడు ఓట్ల తేడా. ఓటు వేయలేక తిరిగొచ్చినవాళ్లు అంతకు చాలా రెట్లు ఎక్కువ. వాళ్లంతా ఎవరికి వేసేవారో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండటమే ఓటు. కానీ వేయనివ్వకపోవడం ఏమిటి?

మర్నాటి నుంచి పెద్దమ్మ మధ్యాహ్నం తిండి వేళ ఎన్నికల ఆఫీసు వసారాలో నిలబడటం మొదలుపెట్టింది. మొదట ఒక్కతే. తర్వాత జట్టు, తర్వాత గిన్నెల అక్క, లాండ్రీ ఆడవాళ్లు. లోపలి గుమాస్తాలు దున్నపోతు మీద వాన పడ్డట్టు ఊరుకున్నారు. అర్జీ ఇస్తే "పరిశీలిస్తాం" అన్నారు. మళ్లీ ఇస్తే "పరిశీలిస్తున్నాం" అన్నారు.

"పరిశీలిస్తాం నుంచి పరిశీలిస్తున్నాం దాకా రావడానికి నెల పట్టింది. పరిశీలించాం అనేసరికి నాకు పాడె కడతారు" అని పెద్దమ్మ వసారా అదిరేలా అరిచింది. గోడలకి కూడా వినపడాలని ఆమె ఉద్దేశం.

చివరికి విచారణ పెడతామన్నారు. పై నుంచి ఒక పెద్దాఫీసరమ్మ వస్తుందని చెప్పారు. జట్టు గంతులేసింది. సరిగ్గా అప్పుడే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది.

కోడలు జ్వరం వచ్చి కొన్నాళ్లు పనికి రాలేదు. తిరిగి బ్యాంకు భవనానికి వచ్చిన రోజున, గేటు దగ్గర కూలీల హాజరుకి కొత్తగా పెట్టిన, వేలి గీతలు పట్టే మిషను ఉంది. ఊరికే, సరదాకి, వేలు పెట్టింది. గీతలు కనబడి పచ్చ దీపం వెలిగింది. పరుగెత్తుకుంటూ పైకి వచ్చింది.

"అత్తయ్యా, నా వేలు పట్టింది! గీతలు మళ్లీ వచ్చాయి!" అని, ఆ మాట అంటూ అంటూనే ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనం రుద్దుకోకుండా ఉంటే..." అంది కోడలు మెల్లగా.

పెద్దమ్మ మెట్టు మీద కూలబడింది. తన వేళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, అవి రావు. కానీ కోడలిది, పొట్టోడిది, చిన్నవాళ్లందరిదీ? ఆ చేతులకి ఓటు ఉండేది. నున్న రాయి పెట్టి తుడిచేసింది ఎవరు? తనే. దగ్గరుండి, మండనీ అంటూ, నవ్వుతూ. పనిలో ఇన్నేళ్లుగా ఆమెకి తెలిసిన గొప్ప సంగతి ఒక్కటే: మెరుగు పెట్టడం. ఆ గొప్పే జట్టు గొంతు కోసింది.

"ఎవరికీ చెప్పకండి" అంది కోడలు. "మాకు ఎవరికీ మీ మీద కోపం లేదు. కానీ వాళ్లకి తెలిస్తే మీరే చేశారంటారు."

జట్టులో ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ పెనిమిటి చెప్పాడు. టీ కొట్టు దగ్గర నలుగురూ నవ్వుతారని, "మా ఆవిడ ఓటుకే పాలిష్ పట్టించింది" అని ఒక హాస్యం విసిరాడు. ఆ హాస్యం ఆ సాయంత్రానికే సిమెంటు కొట్టు చేరింది.

విచారణ పాత సభామందిరంలో జరిగింది. చెక్క బెంచీలు, తిరిగీ తిరగని ఫ్యాను, ఎదురుగా పెద్దాఫీసరమ్మ. ఒక పక్క కళ్లజోడు ఆఫీసరు. మరో పక్క సిమెంటు కొట్టాయన, అతని తరఫున కోర్టు మెట్ల మీద జారిన వకీలే. వకీలు లేచి పొట్టోడిని పిలిచాడు.

"ఓటుకి ముందు రోజు మీరంతా రాయి పెట్టి వేళ్లు రుద్దుకున్నారు. అవునా?"

పొట్టోడు తల గోక్కున్నాడు. "మా పనే రుద్దడం కదండీ."

"నేల కాదు. వేళ్లు. రుద్దమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"ఒకరు చెప్పకుండా అందరూ ఒకే రోజు రుద్దుకున్నారా? అందరికీ ఒకేసారి దురద పుట్టిందా?" హాలులో కొందరు నవ్వారు. వకీలు గొంతు పెంచాడు. "చూడు, గుర్తింపు చెరిపేసుకోవడం నేరం. ఎన్నికని చెడగొట్టడానికే ఇది చేశారని నేనంటాను. చెప్పినవాళ్లెవరో చెబితే మిగతావాళ్లు బయటపడతారు. లేదా అందరి మీదా కేసు."

"ఎవరూ చెప్పలేదన్నానా లేదా!" అన్నాడు పొట్టోడు. కోడలు లేచి నిలబడింది. "నేనే చెప్పాను. నాదే బుద్ధి గడ్డి తిన్నది" అంది. వెనక బెంచీలోంచి ఇంకో ఆడమనిషి "కాదు, నేను" అంది.

పెద్దమ్మ చూసింది. ఊరుకుంటే తన మీదికి రాదు. పిల్లలు కాచుకుంటారు. కానీ తను కాయవలసిన పిల్లలు తనని కాయడం ఏమిటి? ఒప్పుకుంటే? అర్జీ కొట్టేస్తారు, ఓటు పోయినట్టే, పైగా కేసు. ఇవన్నీ ఒక్క క్షణంలో తల్లో తిరిగాయి. ఆ వెంటనే వకీలు నవ్వు కనిపించింది. ఒళ్లు మండిపోయింది. లేచింది.

"కూర్చోండర్రా అందరూ. నేను చెప్పాను. నేనే. రాయి నాది, పొడి నాది, మాట నాది. రాసుకో వకీలు బాబూ, పెద్దక్షరాలతో రాసుకో."

వకీలు పెద్దాఫీసరమ్మ వైపు చేతులు చాపాడు. "అమ్మా, ఇక చెప్పేదేముంది? వాళ్లే ఒప్పుకున్నారు."

"నువ్వు చెప్పేది అయిపోతే నేను చెప్పేది మొదలవుతుంది" అంది పెద్దమ్మ. పెద్దాఫీసరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, బండి మీద మైకు పెట్టి శుభ్రంగా రండి అన్నారు. మాకు శుభ్రం అంటే అదే. ఇన్నేళ్ల మా బతుకులో ఎవరైనా మమ్మల్ని శుభ్రంగా రండి అని ఎక్కడికైనా పిలిచారా? ఓటుకి పిలిచారు. మట్టి చేత్తో ముట్టుకోకూడదనుకున్నాం. మండుతున్నా రుద్దాం. ఓటంటే అంత మర్యాద ఉన్నవాళ్లం మేము. ఆ మర్యాద నేరమైతే వేయండి కేసు. పని చేసిన చేతులు గీతలు అరిగిపోతాయని ఆ మిషను తెచ్చినవాడికి తెలియదా? తెలిసి చెప్పలేదా? తెలియకుండానే మా మీద పెట్టారా? రెండింట్లో ఏది తక్కువ నేరం?"

"మీ జట్టు సంగతి సరే..." అంది పెద్దాఫీసరమ్మ.

"మా జట్టు సంగతి సరే కాదు. పోనీ, మా జట్టుది నా తప్పు, నా నెత్తిన వేయండి. గిన్నెలు తోమే ఆ అక్క వేళ్లు ఎవరు రుద్దారు? నేను రుద్దానా? ఆ సున్నం తాతకి నేను రాయి ఇచ్చానా? ఏయ్, లేపండి చేతులు!"

వెనక బెంచీల్లో చేతులు లేచాయి. సోడాకి తెల్లబారినవి, ఇటుకకి బండబారినవి, సున్నానికి పొక్కినవి.

"ఇప్పుడు ఈయన్ని అడుగుతాను." కళ్లజోడు ఆఫీసరు వైపు వేలు చూపించింది. ఇన్నాళ్లూ అతన్ని మీరు మీరు అన్న నోట ఒక్కసారిగా నువ్వు వచ్చేసింది. "ఆ పొద్దున నేను నీ ముందుకి రాగానే నువ్వు నన్ను ఏమని పిలిచావు?"

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దమ్మా అని."

"నేనెవరో తెలిసే పిలిచావా, తెలియకా?"

"తెలిసే."

"తెలిసీ నమ్మకం కలగలేదా?"

అతను నేల వంక చూశాడు. "కలిగింది పెద్దమ్మా. భయం కూడా కలిగింది. నమ్మకం కలిగితే పంపవచ్చు అని రాశారు, పంపాలి అని రాయలేదు. పంపితే అడిగేవాళ్లున్నారు. పంపకపోతే ఎవరూ అడగరనుకున్నాను."

ఆ మాట అతను ఎంత మెల్లగా అన్నా హాలు చివరిదాకా వినపడింది. పెద్దాఫీసరమ్మ దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంది.

తీర్పు వారం తర్వాత వచ్చింది. కేసులేమీ లేవు. ఇకపై ఏ ఎన్నికలోనూ వేలు పట్టలేదన్న కారణంతో ఎవరినీ తిరగ్గొట్టకూడదు. కార్డు, మొహం, అదే వీధిలో ఉండే ఒక మనిషి మాట చాలు. పంపవచ్చు అన్నచోట పంపాలి అని మార్చారు. పంపకపోతే ఎందుకు పంపలేదో ఆ అధికారి అక్కడికక్కడే రాసి చేతికివ్వాలి. అయితే జరిగిన ఎన్నిక జరిగినట్టే. కొందరు తమ వేళ్లు తామే రుద్దుకున్నట్టు ఒప్పుకున్నందువల్ల తిరిగి ఓటింగు పెట్టలేరు.

జట్టు పొట్టోడిని భుజాల మీద ఎత్తుకుంది. ఇంతింత ఆఫీసుల్ని వంచిన గచ్చు జట్టు ఇంకెక్కడుంది! ఆ ఒక్క మాట మారడం వల్ల ముందు ముందు ఎన్ని వేల చేతులు లోపలికి వెళ్తాయో ఎవరు లెక్కపెడతారు! ఇది పెద్దమ్మ చేసిన పనుల్లోకెల్లా పెద్ద పని. ఆస్పత్రి కంటే పెద్దది, కోర్టు కంటే పెద్దది. ఆమె మాత్రం పెద్దాఫీసరమ్మ కారు ఎక్కబోతుంటే అడ్డం వెళ్లి నిలబడింది.

"నా ఓటు ఏమైంది?"

"వచ్చేసారి తప్పకుండా వేస్తారమ్మా."

"వచ్చేసారిది వచ్చేసారి ఓటు. పోయినసారిది?"

"అది... పోయినట్టేనమ్మా."

"మీరు ఎంత తేలిగ్గా అన్నారమ్మా ఆ మాట" అంది పెద్దమ్మ, దారి ఇచ్చింది.

పట్టణ సభకి కొత్త మందిరం కట్టారు. సభ్యులందరికీ ఎవరి కుర్చీ వారికి నేలకి బిగించి, కింద నల్లరాయి పరిచారు. మెరుగు పెట్టడానికి పెద్దమ్మ జట్టునే పిలిపించాడు సిమెంటు కొట్టాయన. పిలిపించి, తనే ఎదురొచ్చాడు.

"పెద్దమ్మా, నిబంధన మార్పించావు, ఊరంతా నీ పేరే. ఇక ఆ కోపం దిగమింగెయ్. నాకు మాత్రం నీ మీద ఏమీ లేదు. చూడు, పని కూడా నీకే ఇప్పించాను."

"నీకు నా మీద ఏముంటుంది బాబూ? నాది తీసుకున్నవాడివి నువ్వు, నీది తీసుకున్నదాన్ని నేను కాదు. పని చేస్తాను. పనికి కూలి తీసుకుంటాను. కోపం నాది, దాని జోలికి రాకు."

జట్టు దిగింది. మిషను మధ్యలో తిరిగింది, ఆడవాళ్లు మూలలు పట్టారు. కుర్చీ కాళ్ల సందుల్లో, మెట్ల అంచుల్లో, వేదిక చుట్టూ, ఎక్కడా వేలెత్తి చూపించే చోటు లేకుండా తేల్చారు. నల్లరాయిలో కప్పు కనిపించింది. దీపాలు కనిపించాయి. చివరికి ఒక్క కుర్చీ కింద మాత్రం చాప పరిచినంత మేర గరుకుగా, బూడిద రంగుగా మిగిలింది. కోడలు నున్న రాయి తీసుకుని అటు వంగింది.

"అది వదిలెయ్" అంది పెద్దమ్మ.

"అత్తయ్యా! ఇది సిమెంటు కొట్టాయన కుర్చీ అని తెలిసే అంటున్నారా?"

"తెలిసే."

"మూల వదిలేస్తే మెడ కడుక్కోనివాడి పని అని మీరే అంటారు. రేపు జనం చూసి పెద్దమ్మ జట్టు పని వదిలేసిందంటారు. చెయ్యి తగ్గిందంటారు."

ఆ మాట పెద్దమ్మకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పనిలో దిగిన నాటి నుంచి ఒక్క మూల వదిలిన మనిషి కాదు. పైసా తక్కువిచ్చిన ఇంట్లో కూడా వదల్లేదు. చేతులు దురద పెట్టాయి. రాయి అందుకుంది. మళ్లీ కింద పెట్టింది.

"అననీ" అంది.

సిమెంటు కొట్టాయన వచ్చి చూశాడు. నవ్వబోయి ఆగాడు. "ఇదేంటి పెద్దమ్మా, ఇక్కడ మర్చిపోయారా?"

"మేము మర్చిపోలేదు."

"పూర్తి చెయ్యండి మరి. అందరూ వస్తారు, చూస్తారు, అడుగుతారు."

"అడగాలి. ఎందుకిలా ఉందని అడిగినవాళ్లకి నువ్వే చెప్పు. చెప్పలేకపోతే నా దగ్గరికి పంపు, నేను కూర్చోబెట్టి చెబుతాను. ఈ కాస్త మేరకి కూలి కోసుకో, నాకొద్దు. వచ్చే ఎన్నికలో మేమంతా మా ఓటు వేశాక, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూస్తాను. అప్పుడు వాళ్లు పిలిస్తే వచ్చి తేలుస్తాను. నువ్వే గెలిస్తే, సరిగ్గా గెలిస్తే, నీకైనా తేలుస్తాను. అప్పటిదాకా దీని మీద ఎవడైనా రాయి పెట్టాడో, ఈ పట్టణంలో మెరుగు పెట్టే ఏ జట్టూ నీ గడప తొక్కదు."

అతను చుట్టూ చూశాడు. పొట్టోడు మిషను తీగ చుట్టుకుంటూ అతని వంకే చూస్తున్నాడు. ఆడవాళ్లు బకెట్లు ఎత్తుకుని నిలబడి చూస్తున్నారు. ఎవరూ కళ్లు దించలేదు. అతను బయటికి నడిచాడు. పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, "పదండి, రేపు ఆస్పత్రి కొత్త గదులు" అంది.